తొమ్మిదో కుర్చీ

నాలుగేళ్ళలో ఐలీన్ నీమీ ఆ పిల్లకి చెయ్యి చాపితే అందనంత దూరంలో ఉండడం అదే మొదటిసారి. మధ్యలో గాజు గోడ. గాజుకి అవతల నలభై గజాల మంచు. ఆ మంచు చివర, రంగు వలయాల మధ్య, కోరా ప్రెబిచ్ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. పదమూడేళ్ళ పిల్ల. నోటితో మాట్లాడదు. మాట్లాడడానికి ఒక టాబ్లెట్ ఉంది. చలికి దాని బ్యాటరీ చచ్చిపోకుండా కోటు లోపల, పొట్టకి ఆనించి దాచుకుంది.

ఏడో తరగతి పిల్లలకి జనవరిలో మూడు వారాల పాటు ఆటల పీరియడ్ ఊరి కర్లింగ్ క్లబ్బులోనే జరుగుతుంది. గనిలో పనిచేసేవాడికీ, చర్చిలో పాడేవాడికీ, బడి పిల్లకీ ఈ ఊళ్ళో ఉమ్మడిగా వచ్చిన ఆట ఇదొక్కటే. ఒకరు బరువైన రాయిని మంచు మీద జారవిడుస్తారు. ఇద్దరు దాని ముందు చీపుళ్ళతో మంచును రుద్దుకుంటూ పరిగెడతారు, రుద్దినకొద్దీ రాయి ఇంకా దూరం జారుతుంది. నాలుగో మనిషి అవతలి కొసన నిలబడి రాయి ఎక్కడికి రావాలో చూపిస్తాడు. ఆ నాలుగో మనిషిని స్కిప్ అంటారు. జట్టుకి వాడే పెద్ద.

నేర్పించే ముసలి రూడీ జూపాన్ కోరాని స్కిప్‌గా నిలబెట్టేసరికి ఐలీన్ గాజు మీద దబదబా బాదింది. మోకాలు నిరుడే మార్పించుకుంది, మంచు మీదికి వెళ్ళకూడదు. లేకపోతే ఎప్పుడో పరిగెత్తేది. రూడీ తీరుబడిగా వచ్చి తలుపు తీశాడు.

"ఏంటమ్మా ఐలీన్, గాజు పగలగొడతావా?"

"దాన్ని అంత దూరంలో ఒక్కదాన్నే నిలబెట్టావేంటి రూడీ? స్కిప్ అన్నవాడు అరవాలి కదా. కోరా అరవలేదు."

"నలభై ఏళ్ళు అరిచే స్కిప్పుల కింద ఆడాను. నా చెవులు పోయింది వాళ్ళ మూలంగానే. ఈ మూడు వారాలైనా నన్ను ప్రశాంతంగా ఉండనీ."

"దానికి ఏమైనా కావాలంటే?"

"వచ్చి అడుగుతుంది. కాళ్ళున్నాయిగా."

తలుపు మూసేశాడు. కోరా చీపురు ఎత్తితే రుద్దండి, దించితే ఆపండి, అంతే, అని పిల్లలకి చెప్పాడు. దాంతో ఒక వింత జరిగింది. మిగతా జట్ల పిల్లలు రాయిని చూస్తూ, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఆడుతున్నారు. కోరా జట్టులో ముగ్గురూ కోరానే చూస్తున్నారు. చూడకపోతే ఆట లేదు. మొదటి రోజు చిత్తుగా ఓడారు. రెండో రోజూ ఓడారు. కోరా చీపురు ఎత్తాల్సిన చోట దించింది, దించాల్సిన చోట ఎత్తింది. బ్రిన్ సావోలా అనే అమ్మాయి, మంచు రుద్దేది, చేతులు రెండూ గాల్లోకి విసిరి ఏదో అంది. కోపంగానే అంది. కోరాతోనే అంది.

గాజు వెనక ఐలీన్‌కి ఆ మాట వినిపించలేదు. కోరాని ఎవరైనా కోప్పడ్డం ఆమె నాలుగేళ్ళలో చూడలేదు. బళ్ళో అందరూ కోరా దగ్గర ఆస్పత్రిలో రోగిని పలకరించినట్టు గొంతు తగ్గిస్తారు. కోప్పడితే అది మనిషిని మనిషిగా చూడడమేనని ఐలీన్‌కి తోచలేదు.

ఆమెని అనడానికీ లేదు. బడి ఆమెకి అప్పజెప్పిన పని అదే, కోరా పక్కన ఉండడం. తరగతిలో పక్కన, భోజనంలో పక్కన, బాత్రూమ్ తలుపు బయట, బండిలో పక్క సీట్లో. కంటికి రెప్పలా చూసుకుంటుందని అందరూ మెచ్చుకుంటారు. రెప్ప ఎప్పుడూ మూసే ఉంటే కన్ను దేన్ని చూస్తుందని అడిగిన మొనగాడు ఆ బళ్ళో ఒక్కడూ లేడు. కోరాకి ఒక్క మాట చెప్పడానికి నిమిషం పడుతుంది. ఒక్కోసారి రెండు. ముందు కిటికీ కేసి చూస్తుంది, వేళ్ళు నలుపుకుంటుంది, తర్వాత ఒక్క వేలితో ఒక్కో అక్షరం. ఆ నిమిషం ఎవరూ భరించలేరు. ఐలీన్ కూడా భరించలేదు. "దానికి ఆకలిగా లేదు." "దానికి ఎరుపు ఇష్టం." "అలసిపోయింది, పాపం." పదిలో తొమ్మిదిసార్లు అది నిజమే అయ్యేది. ఆ పదోది ఏమయ్యేదో ఎవరికి తెలుసు?

ఇంకోటి ఉంది. ఐలీన్ ఇంట్లో మాట్లాడడానికి ఎవరూ లేరు. మొగుడు పదకొండేళ్ళ కిందట సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం నాలుగింటికి తలుపు తాళం తీసిన దగ్గర్నుంచి మర్నాడు కోరాకి గుడ్‌మార్నింగ్ చెప్పేదాకా ఆమె గొంతు పలకదు. పగలు మాత్రం ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది.

మూడో ఆట గెలిచారు. గొప్పగా ఏం కాదు, అవతలి జట్టువాడు కాలు జారి తన రాయిని తనే తన్నుకున్నాడు. అయినా గెలుపు గెలుపే. బ్రిన్ మంచు మీద గెంతులేసింది. కోరా చీపురుని రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగింది, సంతోషం పట్టలేనప్పుడు ఊగినట్టు.

కర్లింగ్‌లో ఒక ఆచారం ఉంది. ఆట అయ్యాక గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ చీపుళ్ళు గోడకి ఆనించి ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. పెద్దవాళ్ళయితే బీరు, పిల్లలయితే వేడి కోకో. గెలిచినవాళ్ళు కప్పులు తెచ్చి ఇవ్వాలి. ఇవ్వకుండా వెళ్ళినవాడి గురించి ఊళ్ళో పదేళ్ళు చెప్పుకుంటారు. జట్టుకి నలుగురు, రెండు జట్లు, బల్లకి ఎనిమిది కుర్చీలు. రూడీ వాళ్ళ తాతలనాటి నుంచీ ఎనిమిదే.

ఐలీన్ గోడవార నుంచి ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చింది. కోరాకీ బ్రిన్‌కీ మధ్య ఇరికించి కూర్చుంది.

"ఏయ్ కోరా," అంది బ్రిన్, ఐలీన్ భుజం మీదుగా మెడ చాపి, "ఆ ఆఖరి రాయికి అంత తొందరగా రుద్దమన్నావేంటి? నా చేతులు ఊడిపోయాయి తల్లీ."

కోరా కిటికీ వైపు చూసింది. వేళ్ళు నలుపుకుంది.

"రాయి మెల్లగా వస్తోందని అనుకుని ఉంటుంది," అంది ఐలీన్. "కదూ బంగారం?"

"ఓ," అంది బ్రిన్.

ఓడిన జట్టులో ఓవెన్ అనేవాడు కప్పులోంచి మొహం ఎత్తాడు. "మెల్లగా రావడమేంటి, మీ రాయి రైలులా వచ్చింది. మా వాడు తన రాయిని తనే తన్నకపోతే మీ మొహాలకి గెలుపా?"

"నోర్ముయ్యిరా, కోకో ఇచ్చేది మేము. ఒలకబోస్తా," అంది బ్రిన్. అందరూ నవ్వారు. కోరా ఒక వేలు టాబ్లెట్ మీద పెట్టింది.

"మీరు ఆడేవారా మిసెస్ నీమీ?" అన్నాడు ఓవెన్, మర్యాదకి.

అంతే. ఐలీన్ మొదలుపెట్టింది. తను హైస్కూల్లో ఆడిన రోజులు, మోకాలి ఆపరేషన్, కత్తి పెట్టిన డాక్టరు ఎంత పొడుగో. పిల్లలు మంచివాళ్ళు, విన్నారు, అవునా అన్నారు, కోకో తాగారు. కోరా రాసింది రాసినట్టే టాబ్లెట్‌ని బోర్లా పెట్టేసింది. ఐలీన్ చూడలేదు. చాలా రోజుల తర్వాత ఆమె మనసు తేలిగ్గా ఉంది.

ఆ సాయంత్రం కోరా తల్లికి పంపే రోజువారీ కాగితంలో ఇలా రాసింది: "తోటిపిల్లలతో సంభాషణ: పావుగంట. చాలా బాగా జరిగింది." అబద్ధమని ఆమెకి తెలియదు. అంతసేపూ మాట్లాడింది ఎవరో ఆ కాగితంలో ఎవరూ అడగరు. బళ్ళ కాగితాలన్నీ అంతే, గడి నిండితే పిల్ల బాగుపడినట్టు.

తర్వాతి మంగళవారం బూట్లు మార్చుకునే గదిలో బ్రిన్ ఐలీన్ దగ్గరికొచ్చింది. కోరా రెండడుగుల దూరంలో బెంచీ మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది.

"మిసెస్ నీమీ, శనివారాలు పిల్లల లీగ్ మొదలవుతుంది. నేనూ, మా చెల్లీ, ఓవెనూ ఉన్నాం. స్కిప్ కావాలి. కోరా వస్తుందా?"

ఐలీన్ నోటికి జవాబు ముందే వచ్చేసింది. "శనివారాలు దానికి డులూత్ పట్నంలో మాటల వైద్యం ఉంటుందమ్మా. పైగా అలసిపోతుంది. అడిగినందుకు ఎంత మంచిదానివో."

"అయ్యో. సరే అయితే. గురువారం మధ్యాహ్నంలోగా పేర్లివ్వాలి. ఇంకెవర్నైనా చూస్తాం."

బ్రిన్ వెళ్ళిపోయింది. డులూత్ వైద్యం డిసెంబరులోనే ఆగిపోయింది, ఆ డాక్టరమ్మ వేరే రాష్ట్రం వెళ్ళిపోయింది. ఆ సంగతి ఐలీన్‌కి తెలుసు. మరెందుకు అలా అంది? అయిదో తరగతిలో ఒక పుట్టినరోజు పిలుపొచ్చింది. రెండు గంటలూ కోరాని ఒక మూల కూర్చోబెట్టి వాళ్ళ ఆట వాళ్ళు ఆడుకున్నారు. ఇంటికెళ్ళే దారిలో కోరా తన మణికట్టు తనే కొరుక్కుంది. ఆ పంటిగాట్లు ఐలీన్ మరిచిపోలేదు. అది ఒక కారణం. ఇంకో కారణం ఏమిటంటే, శనివారం ఆమెకి డ్యూటీ లేదు. తను లేని చోట కోరా ఎలా ఉంటుందో ఆమె ఊహకి అందలేదు. కోరా లేని చోట తనెలా ఉంటుందో ఊహించుకోవడం అంతకన్నా కష్టం.

మిగతా పిల్లలు పెద్ద బస్సెక్కారు. కోరాకీ ఐలీన్‌కీ చిన్న బండి. నిబంధన. డ్రైవరు రేడియోలో వాతావరణం వింటున్నాడు. క్లబ్బు దగ్గర కోరా టాబ్లెట్ బయటికి తీసింది. రైలు పట్టాలు దాటారు. నీళ్ళ ట్యాంకు దాటారు. టాబ్లెట్‌లోంచి ఎవరో పెద్దావిడ గొంతు, వార్తలు చదివినట్టు, పలికింది.

"శనివారం నాకు ఖాళీ."

ఐలీన్ అటు తిరిగింది. "బంగారం, నేను నీ మంచికే..."

కోరా చెయ్యెత్తింది. ఆగమని. మళ్ళీ వేలు. ఐలీన్ నోరు తెరిచింది, మూసింది. సరుకుల కొట్టు దాటారు. బడి కనిపిస్తోంది.

"నిన్ను అడిగింది. నన్ను అడగలేదు. నేను పక్కనే ఉన్నాను. నాకు వినిపిస్తుంది."

"నాకు తెలుసమ్మా, కానీ అక్కడ వాళ్ళు నిన్ను..."

కోరా పక్క మీట నొక్కింది. అదే వాక్యం ఇంకా గట్టిగా. "నాకు వినిపిస్తుంది." ఇంకా గట్టిగా. "నాకు వినిపిస్తుంది." డ్రైవరు రేడియో కట్టేశాడు. బండి ఆగాక కోరా తన సంచి తనే తీసుకుని దిగింది. వెనక్కి చూడలేదు.

మర్నాడు పొద్దున్న ఐలీన్ ట్రూడీ గదికి వెళ్ళింది. ట్రూడీ ఆ బళ్ళో ప్రత్యేక విద్య టీచరు, ఐలీన్‌కి పై అధికారి. మంచి మనిషి, ఫైళ్ళ కింద కూరుకుపోయిన మనిషి.

"నేనొక తప్పు చేశాను ట్రూడీ."

విన్నాక ట్రూడీ కళ్ళజోడు తీసింది. "దీన్ని మనం మంచి అవకాశంగా తీసుకోవచ్చు. తోటిపిల్లల జోడీ కార్యక్రమం ఒకటుంది. ఇద్దరు పిల్లల్ని ఎంపిక చేసి శిక్షణ ఇస్తాం. కోరా చదువు పథకంలో ఒక లక్ష్యంగా రాద్దాం. సమావేశం ఫిబ్రవరి పధ్నాలుగున ఉంది."

"పేర్లు రేపు మధ్యాహ్నంలోగా ఇవ్వాలి."

"ఐలీన్, ఒక పద్ధతంటూ..."

"ఒక పిల్ల ఇంకో పిల్లని ఆడదాం రా అని పిలవడానికి ఫిబ్రవరి దాకా ఆగాలా? శిక్షణ కావాల్సింది ఆ పిల్లకి కాదు. నాకు."

ట్రూడీ ఏదో అనబోయి, టెలిఫోను మోగితే దాన్నెత్తింది. ఐలీన్ బయటికొచ్చేసింది.

గురువారం భోజనాల గదిలో బ్రిన్ వరసలో పళ్ళెం పట్టుకుని ఉంటే వెళ్ళి పక్కన నిలబడింది. చెప్పాల్సిన మాటలు రాత్రంతా వల్లె వేసుకుంది.

"నేను నీకు అబద్ధం చెప్పాను బ్రిన్. శనివారం వైద్యం ఏమీ లేదు. కోరాకి ఇష్టమో కాదో నాకు తెలియదు. దాన్నే అడుగు."

బ్రిన్ నోరు తెరుచుకుని చూసింది. పెద్దవాళ్ళు అబద్ధమాడామని ఒప్పుకోవడం ఆ పిల్ల ఎప్పుడూ చూసినట్టు లేదు. "మరి... స్కిప్‌గా రమ్మని సారా కరీని అడిగేశానే. తనింకా ఏమీ చెప్పలేదనుకోండి. కానీ కోరాని ఎలా అడగాలో నాకు తెలీదు. నేనేదైనా తప్పుగా అంటే?"

"మంచు మీద దాన్ని తిట్టావుగా. అలాగే."

"అది ఆటలో కదా! మీరు కూడా రండి."

"రాను," అంది ఐలీన్. "విను. ఒక్కసారి అడుగు. అడిగాక నోరు మూసుకో. కిటికీ వైపు చూస్తుంది, అది వద్దని కాదు. నీకు గంట గడిచినట్టు ఉంటుంది. ఉండనీ. ఒక ప్రశ్న మీద ఇంకో ప్రశ్న వెయ్యకు, మళ్ళీ మొదటికొస్తుంది. నువ్వు తింటూ ఉండు, అంతే."

"మరి మీరెక్కడుంటారు?"

"అక్కడెక్కడో ఉంటాను."

పాల డబ్బాల ఫ్రిజ్ పక్కన వంటవాళ్ళు తినే బల్ల ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుంది. అక్కణ్ణుంచి కోరా వీపూ, బ్రిన్ మొహమూ కనిపిస్తున్నాయి. బ్రిన్ పళ్ళెం పెట్టి కూర్చుంది. ఏదో అంది. కోరా కిటికీ వైపు తల తిప్పింది.

ఐలీన్ తన జీవితంలో చాలా ఎదురుచూపులు చూసింది. గని మూసేస్తారో లేదో చూసింది, మొగుడు తిరిగొస్తాడేమో చూసింది. అవన్నీ ఒక ఎత్తు. బ్రిన్ ఒక చిప్స్ ముక్క తింది. రెండోది తింది. కోరా వేళ్ళు కదలడం లేదు. బ్రిన్ కుర్చీలో అటూ ఇటూ జరిగింది. తలెత్తి గదంతా వెతికి ఐలీన్‌ని కనిపెట్టింది. ఏం చెయ్యను అన్నట్టు కనుబొమలు ఎత్తింది. ఐలీన్ కాళ్ళు వాటంతటవే లేచాయి. సగం లేచి నిలబడింది. జవాబు ఆమె నాలిక మీదే ఉంది, ఎప్పటిలాగే. వెళ్ళి ఒక్క మాట సాయం చేస్తే అయిపోతుంది.

బల్ల అంచు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. కూర్చుని అటు వీపు పెట్టేసింది. ఎదురుగా ఫ్రిజ్ తలుపు. గాజులోంచి పాల డబ్బాలు, నీలం మూతలవి, ఎర్ర మూతలవి. వాటినే చూస్తూ ఉండిపోయింది. వెనక ఏం జరిగిందో ఆమెకి తెలియదు. బెల్లు మోగాక తిరిగి చూస్తే బల్ల ఖాళీ.

మధ్యాహ్నం లెక్కల క్లాసులో కోరా ఏమీ చెప్పలేదు. ఐలీన్ అడగలేదు. అడగాలని పెదాలు పదిసార్లు విడివడ్డాయి. మూడింటికి కారిడార్‌లో రూడీ ఎదురొచ్చాడు, లీగ్ కాగితాలు తీసుకెళ్ళడానికొచ్చాడట.

"నీ పిల్లని కాస్త తొందరగా నిర్ణయాలు తీసుకోమని చెప్పు," అన్నాడు. "స్కిప్‌గా పేరిచ్చింది సరే, జట్టు పేరు దగ్గర ఆగిపోయారట. బ్రిన్ ఏదో పేరంటే మీ కోరా ఒప్పుకోలేదు. పెద్ద గొడవ."

"ఏం పేరు?" అంది ఐలీన్.

"నాకేం తెలుసు? వాళ్ళ గొడవ వాళ్ళది."

బండిలో కోరా టాబ్లెట్ తీసింది. ఐలీన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఎంతసేపైనా సరే.

"శనివారం నువ్వు రాకు."

"రాను," అంది ఐలీన్.

కోరా ఇంకా రాస్తోంది. ఐలీన్ ఆగింది. మెత్తని మాట ఏదైనా వస్తుందేమో అని, నిజం చెప్పాలంటే, ఆశపడింది.

"గాజు వెనక కూడా వద్దు."

"సరే అమ్మా."

శనివారం పొద్దున్న పదింటికి ఐలీన్ వాకిట్లో మంచు ఎత్తిపోసింది. తన వాకిలి అయ్యాక పక్కింటివాళ్ళది ఎత్తింది, వాళ్ళు ఊళ్ళో లేరు. పదకొండున్నరకి సరుకుల కొట్టుకి వెళ్ళింది. దారిలో క్లబ్బు పడుతుంది. చుట్టూ తిరిగి వెళ్ళే రోడ్డు పట్టుకుంది. అక్కర్లేని గుడ్లు కొంది. కొట్టులో డబ్బులు తీసుకునే అమ్మాయి "ఇంకేమైనా కావాలా?" అంటే, "వద్దమ్మా" అంది. ఆ రోజుకి ఆమె మాట్లాడిన మాట అదొక్కటే.

సోమవారం భోజనాల గదిలో కోరా, బ్రిన్, ఓవెన్, బ్రిన్ చెల్లెలు ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. ఐలీన్ ఫ్రిజ్ పక్క బల్ల దగ్గర తన రొట్టెముక్కలు విప్పుకుంది. శనివారం గెలిచారో ఓడారో ఆమెకి ఎవరూ చెప్పలేదు. కోరా మణికట్టు వైపు పొద్దున్నే చూసింది, చర్మం మీద గీత కూడా లేదు.

బ్రిన్ ఏదో అడిగింది. ముగ్గురూ తింటూ ఉన్నారు. చాలాసేపు తిన్నారు. కోరా వేలు కదిలింది, ఆగింది, కదిలింది. ఆ వార్తల గొంతు గదిలో గోల దాటుకుని ఐలీన్ దాకా వచ్చింది.

"ఊరగాయ."

బల్ల మొత్తం విరగబడి నవ్వింది. ఓవెన్ పాలు ముక్కులోంచి బయటికొచ్చాయి. "చంపేశావే!" అని బ్రిన్ బల్ల మీద గుద్దింది. కోరా ముందుకీ వెనక్కీ ఊగింది.

వంటావిడ పళ్ళేలు తీసుకుంటూ ఐలీన్ దగ్గర ఆగింది. "ఏమైందే వాళ్ళకి? ఊరగాయేంటి, అంత నవ్వేంటి?"

"నాకు తెలియదు," అంది ఐలీన్.

వంటావిడ వెళ్ళిపోయింది. భోజనం గంట అవడానికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. ఐలీన్ రొట్టె రెండో సగం మెల్లగా తినడం మొదలుపెట్టింది.